గెడ్డలో ఏడుపు

నూకరత్నానికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. పాప ఏడుస్తూ ఉండి, ఆ ఏడుపు తనకి వినపడకపోవడం. పాములంటే భయం లేదు, కొండమీది లేబ్ క్వార్టర్లలో పాములు మామూలే. మొగుడి కోపమన్నా భయం లేదు, సింహాద్రి కోపం అన్నం చల్లారేలోపే చల్లారిపోతుంది. పాప ఏడుపు వినపడకపోవడం, అదొక్కటే.

ఊరికే పుట్టిన భయం కాదది. మోక్షిత చంటిపిల్లగా ఉన్నప్పుడు జ్వరం తగిలి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు రత్నం వంటింట్లో పప్పు రుబ్బుతోంది. ఉయ్యాల్లోంచి ఒక చప్పుడొచ్చింది. ఏడుపు కూడా కాదు, గొంతులో ఏదో అడ్డంపడి కీచుమన్నట్టు. రుబ్బే చేత్తోనే పరిగెత్తి పిల్లనెత్తుకుంది. పార్వతీపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ, "మంచి టైముకి తెచ్చావమ్మా. ఇలాంటి పిల్లలకి జ్వరమొస్తే మళ్ళీ రావచ్చు. కాస్త పెద్దదయ్యేదాకా చెవి పాప మీదే వేసి ఉంచు" అంది. రత్నం పదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. డాక్టరమ్మ కాగితం మీద రాసిందేదీ అర్థం కాలేదుగానీ, నోటితో చెప్పిన ఆ మాట మాత్రం ఎముకల్లో దిగిపోయింది. నిద్రపోయినా ఒక చెవి మేలుకునే ఉండేది.

"ఒలే, నీవి సెవులు కావే, సేటలు" అని ఎగతాళి చేసేది పక్క క్వార్టరు ఎల్లాయమ్మ.

ఎల్లాయమ్మ లేబ్ కేంటీన్‌లో వంటమనిషి. మొగుడూ పిల్లలూ లేని ఒంటరి మనిషి. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. పొద్దున్నే లేవగానే గరిటెతో గోడమీద టకటకమని కొట్టేది, నాను లేచాను, బతికే ఉన్నాను అన్నట్టు. ఇటునించి రత్నం అట్లకాడతో జవాబు కొట్టేది. ఆ వరసలో ఆడవాళ్ళందరికీ అదే అలవాటు. మగవాళ్ళు కొండ తొలిచి కట్టిన నేలమాళిగలో పనికి దిగితే ఫోన్లు కూడా పనిచెయ్యవు. ఇక ఒక ఇంటి చప్పుడే పక్కింటికి కాపలా.

సింహాద్రిది ఆ నేలమాళిగలోనే ఉద్యోగం. పొగలు కక్కే చల్లటి హీలియం ద్రవాన్ని పెద్ద పెద్ద ఫ్లాస్కుల్లో తెచ్చి మిషన్‌లో నింపడం అతని పని. ఆ మిషన్ దేనికని రత్నం అడిగితే, ఒకరోజు పాప ఉయ్యాలమీది దోమతెర తీసి రెండు మడతలు వేసి వెలుగుకేసి పట్టుకున్నాడు.

"సూడు. తెరమీద తెర. సరిగ్గా పెడితే ఏటుంది? ఏటీ నేదు. ఇప్పుడు పైదాన్ని కూసింత మెలితిప్పుతాను."

తిప్పాడు. రెండు తెరల సన్న గళ్ళలోంచి పెద్ద పెద్ద పువ్వులు లేచాయి. ఇంకాస్త తిప్పితే ఆ పువ్వులు చిన్నవయ్యాయి. పాప చేతులు చాచింది, పట్టుకుందామని.

"మా లేబ్‌లోనూ ఇదే. కాకపోతే ఆ తెరలు ఒక్క అణువు మందం. అలా మెలితిప్పితే అందులో కరెంటు వింతగా నడుస్తాదే. నడిమధ్యకి రాదు. పొలంగట్టు మీద మనం నడిసినట్టు అంచు పట్టుకునే పోతాది. అంచు దగ్గర కన్నం పడ్డా ఆగదు, కన్నం సుట్టూ తిరిగి పోతాది."

"అంత సన్నదాన్ని ఎవురు సూసొచ్చారు బావా?"

"మేడమ్ సూస్తాది. సూదితో. ఆ సూది మొన కూడా ఒక్క అణువే. తగలదు, అంటదు, పైపైనే తడుముకుంటా పోయి బొమ్మ గీస్తాది."

మేడమ్ అంటే డాక్టర్ నిరుపమ. ఎప్పుడూ గుసగుసలాగే మాట్లాడేది. గట్టిగా మాట్లాడితే సూది కదిలిపోతుందని ఏళ్ళ తరబడి అలవాటైపోయిన గొంతు అది. ఆ సూదికి ఏ చిన్న అదురూ పడదు. కొండమీద ఏ ఇంట్లో పొత్రం తిరిగినా, పిల్లలు దొంగాట ఆడినా, బొమ్మలో అడ్డగీతలు పడేవి. ముందు రోకళ్ళు మానమన్నారు. తర్వాత మిక్సీలు మానమన్నారు. తర్వాత పిల్లలకి గుడ్డ చెప్పులు పంచి, పరిగెత్తొద్దన్నారు. ఆడవాళ్ళు సణిగారు. అప్పుడు మేడమ్ వరసలో వాళ్ళందర్నీ నేలమాళిగకి పిలిచింది.

"మీరు దేనికి ఓర్చుకుంటున్నారో మీ కళ్ళతో చూడాలి కదమ్మా" అంది. మంచిగానే అంది.

చెప్పులు విప్పి, గాజులు పైకి తోసుకుని దిగారు. తెరమీద బొమ్మ కనపడింది. చుక్కల ముగ్గు పెట్టినట్టు అణువులు, వరస తప్పకుండా. నడుమంతా చీకటి. అంచు పొడుగునా మాత్రం ఒక వెలుగు గీత, ఎవరో పసుపు అంచు కుట్టినట్టు.

"అదిగో, అదే కరెంటు నడిచే గట్టు" అంది మేడమ్. ఆ గీతకేసి చూస్తున్నప్పుడు ఆవిడ మొహం చూసి రత్నానికి ముచ్చటేసింది. పాప తొలిసారి నవ్వినప్పుడు తన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుందనుకుంది. నిజానికి బొమ్మ చాలా బావుంది.

సరిగ్గా అప్పుడే చంకలో మోక్షిత తుమ్మింది.

బొమ్మ మధ్యకి చిరిగిపోయింది. ఆ చివరినించి ఈ చివరిదాకా అడ్డగీతలు. అక్కడున్న కుర్ర సైంటిస్టులు తలలు పట్టుకున్నారు.

"దీన్ని లోపలికి ఎవరు రానిచ్చారు?" అంది మేడమ్, వాచ్‌మన్‌తో. దీన్ని అట!

"తుమ్ముకి కూడా ముందుగా సెలవు సీటీ రాయించుకోవాలేటి మేడమ్?" అంది ఎల్లాయమ్మ. ఆడవాళ్ళు ఫక్కుమన్నారు. మేడమ్ నవ్వలేదు. "మా పనంతా పోయిందమ్మా ఈ తుమ్ముతో" అంది, అదే గుసగుస గొంతుతో. రత్నం పాప ముక్కు కొంగుతో తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చేసింది. తుమ్మినందుకు పసిపిల్ల తరఫున తను సిగ్గుపడాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తుమ్ముతోనే పొర పుట్టింది.

మెలితిప్పిన ఆ తెరలు కరెంటుకి చేసిన పనే చప్పుడుకీ చేస్తాయని మేడమ్ కనిపెట్టింది. ఉల్లిపొర లాంటి పలచటి రేకుగా పెద్ద పెద్ద చుట్టలు తయారుచేయించింది. గోడకి అంటిస్తే చాలు, ఇంట్లో చప్పుడంతా పొరలోకి లాగేసుకుని, అంచు పట్టించి బయటికి తోలేస్తుంది. పనివాళ్ళొచ్చి వరసలో ఇళ్ళన్నిటికీ అంటించారు. గోడలకి, నేలకి, కప్పుకి, తలుపులకి, ఆఖరికి గుమ్మాలకి. అంటించినవాళ్ళలో సింహాద్రి కూడా ఉన్నాడు. అన్ని ఇళ్ళ అంచులూ కలిపి ఒక్క గొట్టంలోకి దింపి, ఆ గొట్టాన్ని కొండ వెనక వాగుగా పారే గెడ్డలోకి వదిలారు.

"గెడ్డలోకెందుకు?" అంది రత్నం.

"సప్పుడు సావదే. ఎక్కడో ఒకదగ్గిర వదలాలి గదా."

నాలుగు రోజులు స్వర్గంలాగే ఉంది. మొగుడూ పెళ్ళాలు ఎవరికీ వినపడకుండా హాయిగా తిట్టుకున్నారు. పక్కింటి కుక్కరు కూతకి ఉలిక్కిపడి లేచే మోక్షిత కూడా ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. రత్నం కూడా మంచి మేడమే అనుకుంది.

ఒక పూట పొయ్యిమీద చారు దించి గదిలోకి వెళ్ళింది. ఉయ్యాల్లో పాప మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నోరు ఇంతమేర తెరుచుకుని ఉంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారి జుట్టు తడిసిపోయింది. గుమ్మం దాటి కాలు లోపల పెట్టేదాకా ఏడుపు వినపడనే లేదు. పెట్టగానే, దూరంగా ఎవరో ఏడుస్తున్నట్టు, సన్నగా వినపడింది. ఎప్పట్నించీ ఏడుస్తోందో!

ఆ రోజునించి పాపని చంక దించలేదు. చంకలో పిల్లతోనే అన్నం వార్చింది, చంకలో పిల్లతోనే బట్టలు జాడించింది. ఎల్లాయమ్మ గరిటె చప్పుడు రావడం మానేసింది, కొట్టినా ఇటు రాదుగదా. ఇద్దరూ గుమ్మాల్లోకి వచ్చి మొహాలు చూసుకుంటేనే కబురు.

"పొర మన గదిలో ఒక్కదాన్లో తీసీమను బావా" అంది సింహాద్రితో.

"అడిగీసాను. అంతా ఒకటే ముక్కట. ఒక గది తీస్తే అన్ని ఇళ్ళవీ తియ్యాలట. అలవాటైపోద్దన్నారు."

"ఎవురికి? దానికా, నాకా?"

సింహాద్రికి ఆ ఉద్యోగమంటే గర్వం. తనవాళ్ళలో ఎవరూ ఎక్కని కొండ ఎక్కి, లోకంలో ఎవరూ చూడనిది చూసే మిషన్‌కి నీళ్ళు పోసినట్టు హీలియం పోస్తున్నాడు. పెళ్ళానికి చాదస్తం ఎక్కువైందని నవ్వేశాడు.

ఒక ఆదివారం పొద్దున్న కంచె అవతల మేకలు కాసుకునే సోములు తాత నిలబడి చెయ్యూపాడు. "ఓలమ్మీ, మీ కొండ కింద గెడ్డలో ఆడగుంటెవత్తో ఏడుస్తంది. మనిషి అగపడదు. మేకలు నీళ్ళకి దిగడం మానీసినాయి."

రత్నం ఉయ్యాల దగ్గరికి పరిగెత్తింది. మోక్షిత అప్పుడే నిద్రపోయింది. సింహాద్రి ఇంట్లోనే ఉన్నాడు. "దాని దగ్గిర్నించి కదలకు" అని చెప్పి తాతతో కొండ దిగింది.

గెడ్డలో నీళ్ళు పాదాలు తడిసేంతే. రాళ్ళ మధ్య గొట్టం మూతి. అందులోంచి కొండమీది ఇళ్ళన్నీ మాట్లాడుతున్నాయి. ఒకరి కుక్కరు కూత, ఒకరి టీవీ, ఎవరి దగ్గో, ఎవరో బెల్టు కనపడలేదని పెళ్ళాన్ని తిట్టడం, అన్నీ ఒకదానిమీద ఒకటి పడి కుప్ప పోసినట్టు. రత్నానికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆ కుప్ప అడుగునించి ఒక గొంతు పాక్కుంటూ వచ్చింది.

"రత్నం... ఒలే రత్నం... ఓలమ్మ... లెగనేకపోతన్నానే..."

ఎల్లాయమ్మ గొంతు. అరిచి అరిచి అరిగిపోయిన గొంతు.

రత్నం కొండకేసి తిరిగింది. తిరిగేలోపే ఇంకో చప్పుడు. ఏడుపు కాదు. గొంతులో అడ్డం పడ్డట్టు, కీచుమని. ఆ చప్పుడు ఎన్ని జన్మలెత్తినా మరిచిపోదు.

ఆ కొండ ఎలా ఎక్కిందో రత్నానికి గుర్తులేదు. ముళ్ళు గీసుకోవడం తెలియలేదు. ఇంట్లోకి వచ్చేసరికి సింహాద్రి ముందుగదిలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు, సబ్బు నురగతో. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడవతల ఉయ్యాల్లో పాప ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు పైకి తేలేశాయి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు కొట్టుకుంటున్నాయి.

"పడుకుందే... సప్పుడే నేదే..." అన్నాడు సింహాద్రి. నురగ కిందకి కారుతోంది.

పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచారు. సింహాద్రి జీపు కోసం పరిగెత్తాడు. రత్నం పాపని ఎత్తుకుని వరస మధ్యలో నిలబడి అరిచింది. "ఎల్లాయమ్మ పిన్నిని సూడండే! ఎవురైనా రండే!" ఊపిరంతా కూడదీసి అరిచింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అన్ని ఇళ్ళల్లోనూ మనుషులున్నారు. కిటికీ అద్దాల వెనక ఒకావిడ జడ అల్లుకుంటూ కనపడుతూనే ఉంది. ఈ అరుపు మాత్రం ఆ పొర దాటి ఎవరి చెవినీ చేరలేదు.

వెనకాలే రొప్పుకుంటూ ఎక్కివచ్చిన సోములు తాతకి వినపడింది. కొమ్మలు నరికే కత్తితో ఎల్లాయమ్మ తలుపు గడియ ఊడగొట్టింది అతనే. స్నానాలగదిలో తెల్లవారకముందు జారిపడిన మనిషి, తుంటి విరిగి, అప్పటిదాకా గోడకేసి చూస్తూ అరుస్తూనే ఉంది. గోడవతల రత్నం ఉందనే ధైర్యంతో.

జీపులో ఇద్దర్నీ ఒకేసారి తీసుకెళ్ళారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఎంతసేపు కొట్టుకుంది?" రత్నానికి జవాబు తెలియదు. సింహాద్రికీ తెలియదు. తెలిసింది గెడ్డకి.

పాప బతికింది. ఎడమ చేతి గుప్పిట మాత్రం గట్టిగా మూసుకోదు. పెరిగేకొద్దీ తేలుతుందన్నారు.

ఎల్లాయమ్మ మంచంమీంచి పిలిచింది. గొంతు పూర్తిగా పోయి, గాలి మాత్రం వస్తోంది. "ఒలే, నాను అరిసిందంతా గెడ్డకెల్లిపోనాదంట. సాలు. నా గొంతు మేకలకి తాపీసినారు."

నవ్వబోయి ఇద్దరూ ఏడ్చారు.

నిరుపమ మేడమ్ సాయంత్రం వచ్చింది, బత్తాయిలు తీసుకుని. మంచం పక్కన నిలబడి చాలాసేపు పాపకేసి చూసింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. అబద్ధపు నీళ్ళు కావవి.

"నేను ఊహించలేదమ్మా. ఈ రోజు పొద్దున్న నుంచీ సూది ఎంత నిలకడగా ఉందంటే, ఒక్క మరక లేకుండా బొమ్మ వచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. అందరం సంతోషంగా ఉన్నాం. అంతలో ఈ కబురు."

రత్నం చేతిలో తడిగుడ్డ అలాగే ఆగిపోయింది.

"పొద్దున్న నించా మేడమ్?"

"అవును."

"మా పిన్ని తుంటి ఇరిగి అరుస్తున్నప్పుడా? మా గుంట కొట్టుకుంటున్నప్పుడా? ఆ బొమ్మ బాగుంటాది మేడమ్. బాగుండకేం సేస్తాది! మీ సూది ఉలిక్కిపడకూడదని మమ్మల్ని గెడ్డలో పారబోసారు గదా."

మేడమ్ తల దించుకుంది. "ప్రతి ఇంట్లో బజర్ పెట్టిస్తాను. నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది."

"ఫిట్సొచ్చిన పసిగుంట బజర్ నొక్కుతాదా? తుంటి ఇరిగినోళ్ళు లేచెల్లి నొక్కుతారా? ఏడుపే గదా మేడమ్ బజరు! దేవుడు పెట్టిందాన్ని పీకీసి, ఇంకోటి కొని తగిలిస్తారా?" రత్నం గొంతు వార్డంతా వినపడింది. ఎవరో నర్సు వచ్చి, "మెల్లగా మాట్లాడమ్మా" అంది. "నాను మెల్లగా మాట్లాడను" అంది రత్నం. "మెల్లగా మాట్లాడే ఇంతదాకా తెచ్చుకున్నాం."

"పొర తియ్యడం నా ఒక్కదాని చేతిలో లేదమ్మా" అంది మేడమ్. "పైవాళ్ళు చూశారు. వాళ్ళకి బొమ్మకంటే ఈ పొరే నచ్చింది. పట్నాల్లో అపార్టుమెంట్లకి తయారు చేయిస్తామంటున్నారు. పక్కింటి గోల వినపడని ఇళ్ళు."

బత్తాయిలు అక్కడే వదిలి వెళ్ళిపోయింది. రత్నం వాటిని పక్క మంచం వాళ్ళకి ఇచ్చేసింది.

ఇంటికి రాగానే అట్లకాడ తీసుకుని గోడమీద పొరని చించింది. నడిమధ్య చాటంత చిరుగు పెట్టి, పాపని సింహాద్రికిచ్చి అవతల గదిలోకి పంపింది. పాప ఏడ్చింది కాబోలు, సింహాద్రి వచ్చి వినపడిందా అన్నట్టు చూశాడు. వినపడలేదు. చప్పుడు ఆ చిరుగు చుట్టూ తిరిగి, దాని దారిన అది పోతోంది. ఇంకోటి పెట్టింది. దాని చుట్టూ కూడా తిరిగి పోయింది. కన్నం పడ్డా ఆగదని దోమతెర పట్టుకుని సింహాద్రి చెప్పినమాటే. ఎంత గొప్ప పనితనమో చూడండి, తల్లి చించినా చిరగదు!

రత్నం స్టూలెక్కి కప్పు మూలలో గోళ్ళు పెట్టి లాగడం మొదలుపెట్టింది. సింహాద్రి కాసేపు చూస్తూ నిలబడ్డాడు. "ఉద్యోగం పోద్దే" అన్నాడు. రత్నం లాగుతూనే ఉంది. అతను పాపని చాపమీద పడుకోబెట్టి, స్టూలు కదలకుండా కాలు అడ్డంపెట్టి, పొర రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గోడలు, నేల, గుమ్మాలు ఒలిచేశారు. ఆఖరి ముక్క ఊడగానే పాప ఏడుపు ఇల్లంతా నిండిపోయింది. ఇద్దరూ గోడకి చేరబడి కూర్చుని, ఎత్తుకోకుండా కాసేపు ఆ ఏడుపే విన్నారు.

మర్నాడే క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. లేబ్ సొత్తు పాడుచేశారట. సింహాద్రి ఇప్పుడు ఊళ్ళో గేస్ కంపెనీలో సిలిండర్లు దింపుతున్నాడు. ఎల్లాయమ్మ సాలూరులో తమ్ముడి ఇంట్లో ఉంది, కర్ర పట్టుకుని నడుస్తుంది. పొర పట్నాలకి వెళ్ళిపోయింది. ప్రశాంతమైన ఇళ్ళని బోర్డులు కూడా పెట్టారు.

రత్నం ఖాళీ చేసిన ఇంట్లో పొర మళ్ళీ అంటించారు. కొత్త టెక్నీషియను వచ్చాడు. అతని భార్య బాలింత, పచ్చి ఒళ్ళు. రత్నం ఒకసారి కంచె దగ్గరికి వెళ్ళి, గుమ్మం లోపల నిలబడ్డ ఆ పిల్లకి చేతులతో సైగ చేసి చెప్పబోయింది. ఆ పిల్ల ఎవరో పిచ్చిదనుకుని తలుపేసుకుంది. వాచ్‌మన్ రత్నాన్ని మళ్ళీ ఆ ఛాయలకి రావద్దన్నాడు. చప్పుడుని ఇంకెటో మళ్ళించి, గెడ్డలో గొట్టం మూతి మీద సిమెంటు పోసేశారు, సోములు తాత నలుగురికీ చెప్తున్నాడని. ఇప్పుడు అక్కడా ఏమీ వినపడదు.

అందుకే చదివే మిమ్మల్ని ఒక్కటి అడగాలి. కరెంటు పనికో, పాలు వెయ్యడానికో, పెద్దవాళ్ళ వెంట లేబ్ చూడ్డానికో, మీరెవరైనా ఆ కొండమీదికి వెళ్తే, వరసలో చివరినించి రెండో ఇంటికి వెళ్ళండి. ఆ పిల్ల పేరు రత్నానికి తెలియదు, పేరుతో పనిలేదు. తలుపు కొట్టి ఊరుకోకండి, పిలిచి ఊరుకోకండి, లోపలికి ఏదీ వినపడదు. తిట్టినా సరే, తోసుకుని లోపల గదిలోకి వెళ్ళి, ఉయ్యాల్లో బిడ్డ ఎలా ఉందో చూడండి.